పటాన్‌చెరు చేపలు ఏం చెబుతున్నాయి? ఇంట్లో గోలీకి, చెరువు నీళ్లకు ఉన్న సంబంధం ఇదీ

చేపకు జబహ్ అక్కర్లేదు. నీళ్లలోంచి తీస్తే చాలు, తినదగినదే. అందుకే పటాన్‌చెరు, సంగారెడ్డి వైపు ముస్లిం ఇళ్లలో చేప కొనేటప్పుడు సాధారణంగా అడిగేది ఒకటే: తాజాదేనా? కానీ ఈ ప్రాంతంలో ఇంకో ప్రశ్న కూడా అడగాల్సి వస్తోంది. ఇది ఏ నీళ్లలో పెరిగింది?

ఈ ప్రశ్న వెనక ఏళ్ల తరబడి జరిగిన శాస్త్ర పరిశోధన ఉంది. పటాన్‌చెరు పారిశ్రామిక వాడ నుంచి వచ్చే నీళ్లను స్వీడన్ శాస్త్రవేత్తలు తీసుకెళ్లి చేపల మీద, తోకకప్పల మీద పరీక్షించారు. వాగుల అడుగు మట్టిని, చెరువులను, ఊరి బావులను పరిశీలించారు. ఆ ఫలితాలు ప్రపంచమంతా చర్చకు వచ్చాయి. అయితే ఈ వాగుల పక్కన ఉండే కుటుంబాల్లో చాలామందికి అందులో ఏముందో ఇప్పటికీ తెలియదు. ఆ పరిశోధనలు చెప్పిన విషయం చేపల దగ్గర ఆగదు. జ్వరం వస్తే మనం వేసుకునే గోలీ పని చేస్తుందా లేదా అన్న దాకా వస్తుంది.

ఏ నీళ్లు, ఎటు పోతాయి?

పటాన్‌చెరులో 1970లలో మొదలైన పరిశ్రమలు తర్వాత పాశమైలారం, బొల్లారం, కాజీపల్లి, బొంతపల్లి వైపు విస్తరించాయి. వీటిలో బల్క్ డ్రగ్ కంపెనీలు ఎక్కువ. బల్క్ డ్రగ్ అంటే గోలీలో ఉండే అసలు మందు పొడి. ఆ పొడిని ఇక్కడ తయారు చేస్తారు. అది దేశ విదేశాలకు వెళ్లి గోలీగా, సిరప్‌గా మారుతుంది. యూరప్, అమెరికాల్లో అమ్ముడయ్యే మందుల్లో కూడా ఈ ప్రాంతపు పొడి ఉంటుంది.

మందు తయారీలో సాల్వెంట్లు, ఉప్పు, మిగిలిపోయిన మందు కలిసిన మురుగు నీరు వస్తుంది. దాన్ని శుద్ధి చేయడానికి 1990లలో ఉమ్మడి శుద్ధి కేంద్రం పెట్టారు. అదే పటాన్‌చెరు ఎన్విరో టెక్ లిమిటెడ్. అందరూ పీఈటీఎల్ అంటారు. దాదాపు 90 మందుల కంపెనీల మురుగు నీరు ట్యాంకర్లలో అక్కడికి చేరేది. శుద్ధి అయిన నీరు ఇసకవాగులోకి, అక్కడి నుంచి నక్కవాగులోకి, చివరికి మంజీర నదిలోకి వెళ్లేది. ఆ వాగుల వెంట పొలాలున్నాయి, బోర్లున్నాయి, పశువులు నీళ్లు తాగే రేవులున్నాయి, చేపలు పట్టే చెరువులున్నాయి.

2007లో బయటపడింది ఏమిటి?

స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్ యూనివర్సిటీకి చెందిన జోయాకిమ్ లార్సన్ బృందం పీఈటీఎల్ నుంచి శుద్ధి అయ్యాక బయటికి వచ్చే నీటిని పరీక్షించింది. ఫలితాలు 2007లో ప్రచురించారు. లీటరు నీటిలో 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ ఉంది. మనం సిప్రో అని పిలిచే యాంటీబయాటిక్ ఇదే.

31 మిల్లీగ్రాములంటే చిన్న మాటలా అనిపిస్తుంది. కానీ సిప్రో గోలీ వేసుకున్న రోగి రక్తంలో ఆ మందు లీటరుకు కొన్ని మిల్లీగ్రాములే ఉంటుంది. అంటే మందు వేసుకున్న మనిషి రక్తంలో కంటే కాలువ నీటిలోనే మందు ఎక్కువగా ఉంది. కొన్ని రకాల క్రిములను చంపడానికి సరిపోయే మోతాదుకు ఇది 1000 రెట్లకు పైగా ఎక్కువ. ఒక్క రోజులో ఆ కాలువలో పోయే సిప్రో దాదాపు 44 కిలోలని లెక్క కట్టారు. స్వీడన్ దేశం మొత్తం 5 రోజుల్లో వాడే సిప్రోతో అది సమానం.

2009లో ఇంకో పరిశోధన వచ్చింది. ఈసారి చుట్టుపక్కల చెరువులను, ఊరి బావులను కూడా చూశారు. ఒక చెరువు నీటిలో లీటరుకు 6.5 మిల్లీగ్రాముల సిప్రో తేలింది. జలుబుకు, అలర్జీకి వేసుకునే సెట్రిజిన్ లీటరుకు 1.2 మిల్లీగ్రాముల దాకా ఉంది. ఈ చెరువులకు పీఈటీఎల్ నీరు రాదు. అంటే మందు వేరే దారుల్లో కూడా నీళ్లలో చేరుతోందన్నమాట. కొన్ని బావుల నీటిలో సైతం మందుల ఆనవాళ్లు కనిపించాయి.

ఇవి అప్పటి లెక్కలు. ఇవాళ అదే చోట నీళ్లు తీస్తే అంతే వస్తుందని వీటి అర్థం కాదు. కానీ శుద్ధి చేశామని చెప్పిన నీటిలో ఏం మిగిలిపోగలదో ఇవి మొదటిసారి కళ్లకు కట్టాయి.

చేపల మీదే ఎందుకు పరీక్ష?

మిషన్ పెట్టి కొలిస్తే నీటిలో ఏ మందు ఎంత ఉందో తెలుస్తుంది. ఆ మందులన్నీ కలిసి ప్రాణిని ఏం చేస్తాయో మిషన్ చెప్పదు. అది చెప్పాల్సింది ఆ నీటిలో బతికే ప్రాణే. చేప ఇరవై నాలుగు గంటలూ నీళ్లలోనే ఉంటుంది, మొప్పలతో ఆ నీటినే పీలుస్తుంది, అదే నీటిలో గుడ్లు పెడుతుంది. తప్పించుకునే దారి లేదు.

ఇంకో కారణం ఉంది. మందు మనిషి ఒంట్లో ఏదో ఒక ప్రొటీన్‌ను పట్టుకుని పని చేస్తుంది. తాళంలో తాళంచెవి పట్టినట్టు. మన మందులు పట్టుకునే ఇలాంటి ప్రొటీన్లలో 86 శాతానికి సరిపోలినవి జీబ్రా చేపలోనూ ఉన్నాయని 2008లో లెక్క తేల్చారు. అంటే మనిషి కోసం చేసిన తాళంచెవి చేప ఒంట్లోని తాళాలకు కూడా పట్టే అవకాశం ఎక్కువ.

జీబ్రా చేప పరాయిది కాదు. మన ఉపఖండపు వాగుల్లో పుట్టిన, వేలెడంత కూడా లేని చారల చేప. దాని గుడ్డు, పిండం అద్దంలా పారదర్శకంగా ఉంటాయి. లోపల గుండె కొట్టుకోవడం మైక్రోస్కోపులో కనిపిస్తుంది. రెండు మూడు రోజుల్లో పిల్ల బయటికొస్తుంది. హైదరాబాద్‌లోని సీసీఎంబీతో సహా ప్రపంచంలోని ఎన్నో ల్యాబులు అందుకే ఈ చేపను పెంచుతాయి.

నీటిలో అతి తక్కువ మందు కూడా చేపలను దెబ్బతీయగలదని వేరే దేశాల అనుభవం చెబుతోంది. కెనడాలో శాస్త్రవేత్తలు ఒక సరస్సులో గర్భనిరోధక మాత్రల్లో వాడే హార్మోన్‌ను మూడు ఎండాకాలాల పాటు కలిపి చూశారు. కలిపింది లీటరుకు 5 నుంచి 6 నానోగ్రాములే. గ్రాములో వంద కోట్లో వంతు ఒక నానోగ్రాము. అంత కొంచెానికే మగ చేపల్లో ఆడ లక్షణాలు వచ్చాయి. ఆ సరస్సులో ఒక రకం చిన్న చేప దాదాపు కనుమరుగైంది. ఈ ఫలితం 2007లో ప్రచురించారు. స్వీడన్‌లోనే 2013లో ఇంకో పరీక్ష జరిగింది. ఆందోళన తగ్గించే ఒక మందు కలిసిన నీటిలో పెట్టిన చేపలు గుంపు వదిలి ఒంటరిగా తిరగడం, భయం లేకుండా ముందుకు వెళ్లడం మొదలుపెట్టాయి. అవి చావలేదు. నడవడిక మారింది. అడవి నీళ్లలో భయం పోయిన చేప వేటాడే చేపకు త్వరగా దొరికిపోతుంది.

పటాన్‌చెరు నీటితో తేలింది

లార్సన్ బృందం పటాన్‌చెరు శుద్ధి కేంద్రం నుంచి వచ్చిన నీటిని జీబ్రా చేపల మీద, తోకకప్పల మీద పరీక్షించి 2009లో ఫలితాలు ప్రకటించింది. మంచి నీటిలో ఆ నీటిని కొంచెం కొంచెంగా కలుపుతూ వెళ్లారు. నూటికి పది పాళ్లు కూడా అవసరం రాలేదు. అంతకంటే తక్కువ కలిపినా సగం చేపలు చచ్చిపోయాయి.

తోకకప్పల సంగతి ఇంకా ఆలోచించాల్సింది. వాటి నీటిలో కలిపింది 0.2 శాతమే, అంటే 500 పాళ్లలో ఒక పాలు. ఒక బిందె నీటిలో రెండు మూడు చెంచాలు కలిపినట్టు. తోకకప్పలు చావలేదు, కానీ వాటి ఎదుగుదల 40 శాతం తగ్గింది. అదే ఏడాది మరో పరీక్షలో ఇదే నీటిని 500 రెట్లు పలుచన చేసి రెయిన్‌బో ట్రౌట్ అనే చేపలను అందులో ఉంచారు. పైకి చూస్తే చేపలు బాగానే ఉన్నాయి. లివర్ తీసి చూస్తే మాత్రం విషాన్ని విరిచే ఎంజైములు ఎక్కువగా పని చేస్తున్నాయి. రక్తంలో ఫాస్ఫేట్ మారింది. చేప ఒళ్లు లోపల పోరాడుతోంది, బయటికి కనిపించడం లేదు.

దీనితో ఒక విషయం స్పష్టం. చెరువులో చేప ఈదుతోంది కాబట్టి నీళ్లు మంచివే అనుకోవడానికి లేదు. కొర్రమట్ట సంగతి చూస్తే ఇది ఇంకా బాగా తెలుస్తుంది. తెలంగాణ రాష్ట్ర చేప ఇది. నీళ్లలో ప్రాణవాయువు తగ్గినా పైకి వచ్చి నేరుగా గాలి పీల్చుకుని బతకగలదు. బొచ్చె, రవ్వ చచ్చే నీళ్లలో కూడా కొర్రమట్ట కదులుతుంది. అది ఆ చేప గట్టిదనం, నీటి శుభ్రతకు గుర్తు కాదు.

చట్టంలోనే చేప ఉంది

పరిశ్రమ వదిలే నీటిని కొలవడానికి మన దేశ పర్యావరణ నిబంధనల్లో రకరకాల అంకెలు ఉన్నాయి. నీటిలోని కుళ్లే పదార్థం ఎంత ప్రాణవాయువును లాగేస్తుందో చెప్పేది బీఓడీ. రసాయనాలన్నీ కలిపి ఎంత లాగుతాయో చెప్పేది సీఓడీ. వీటితో పాటు చాలామందికి తెలియని ఇంకో షరతు ఉంది. అదే చేపల పరీక్ష. పరిశ్రమ వదిలే నీటిని ఏమీ కలపకుండా, నూటికి నూరు పాళ్లు తొట్టిలో పోసి చేపలను వదిలితే, 96 గంటల తర్వాత నూటికి తొంభై చేపలు బతికి ఉండాలి.

ఇప్పుడు రెండూ పక్కపక్కన పెట్టి చూడాలి. చట్టం అడిగేది నూరు పాళ్ల నీటిలో తొంభై శాతం చేపలు బతకడం. 2009 పరీక్షలో పది పాళ్ల లోపు నీటిలోనే సగం చేపలు పోయాయి. పరీక్షల పద్ధతులు ఒకటి కావు, కాబట్టి రెంటినీ నేరుగా తూకం వేయలేం. కానీ తేడా ఎంత పెద్దదో తెలుస్తోంది.

ఈ చేపల పరీక్షకూ ఒక హద్దుంది. అది చావును లెక్కిస్తుంది. యాంటీబయాటిక్ చేపను వెంటనే చంపకపోవచ్చు. నీళ్లలోని క్రిములను మార్చేస్తుంది. ఆ మార్పును చేప పరీక్ష గానీ, బీఓడీ గానీ, సీఓడీ గానీ పట్టుకోలేవు. అందుకే నీటిలో ఒక్కో యాంటీబయాటిక్ ఎంతకు మించకూడదో అంకె పెట్టాలని శాస్త్రవేత్తలు అడుగుతూ వచ్చారు. సిప్రోకు ఆ హద్దు లీటరుకు 0.064 మైక్రోగ్రాములని 2016లో లార్సన్ బృందమే సూచించింది. 2007లో చూసిన 31 మిల్లీగ్రాములను మైక్రోగ్రాముల్లోకి మారిస్తే 31,000. అంటే ఆ హద్దుకు దాదాపు 4.8 లక్షల రెట్లు.

కేంద్ర పర్యావరణ శాఖ 2020 జనవరిలో మందుల కంపెనీల నీటిలో యాంటీబయాటిక్‌లకు పరిమితులు పెడుతూ ముసాయిదా తెచ్చింది. 2021 ఆగస్టులో తుది నోటిఫికేషన్ వచ్చేసరికి ఆ పరిమితులు అందులో లేవు. 2024 సెప్టెంబర్‌లో ప్రపంచ ఆరోగ్య సంస్థ యాంటీబయాటిక్ తయారీ వ్యర్థాలపై మొదటిసారి మార్గదర్శకాలు ఇచ్చింది. అవి సలహాలు మాత్రమే.

చేపలు తేలితే ప్రతిసారీ విషమేనా?

2017 అక్టోబర్‌లో అమీన్‌పూర్ వైపు గండిగూడెం చెరువులో చేపలు కుప్పలుగా చచ్చి తేలాయి. పరిశ్రమల నీళ్లే కారణమని మత్స్యకారులు ఆరోపించారు. ఏడాది ముందే, 2016 నవంబర్‌లో, ఆ పక్కనే ఉన్న అమీన్‌పూర్ చెరువుకు జీవవైవిధ్య వారసత్వ ప్రదేశంగా గుర్తింపు వచ్చింది. నగర చెరువుల్లో ఆ గౌరవం దేశంలోనే మొదటిది. ఒకే ప్రాంతంలో రెండు ముఖాలు.

చేపలు తేలిన ప్రతిసారీ ఎవరో విషం వదిలారని తేల్చేయడం కూడా సరి కాదు. మురుగు నీరు, ఎరువులు చేరిన చెరువులో పచ్చటి నాచు పెరుగుతుంది. పగలు అది ప్రాణవాయువు ఇస్తుంది, రాత్రి తనే పీల్చుకుంటుంది. అందుకే తెల్లవారుజామున నీళ్లలో గాలి అతి తక్కువగా ఉంటుంది. ఆ వేళ చేపలు పైకి వచ్చి నోళ్లు తెరుస్తుంటే అది ప్రాణవాయువు కరువు. పెద్ద వాన పడి అడుగు బురద కలిగినా ఇదే జరుగుతుంది. అదే వాన చాటున దొంగతనంగా రసాయనాలు వదిలేవాళ్లూ ఉంటారు. పైకి రెండూ ఒకేలా కనిపిస్తాయి.

తేడా తెలియాలంటే వెంటనే నీళ్లు పట్టాలి. గంటలు గడిచే కొద్దీ రసాయనం కొట్టుకుపోతుంది, చేప కుళ్లిపోతుంది. చాలాసార్లు కారణం తేలకపోవడానికి ఒక పెద్ద కారణం నమూనాలు ఆలస్యంగా తీయడమే. చేపలు తేలగానే మత్స్య సహకార సంఘం, పంచాయతీ లేదా మున్సిపాలిటీ, కాలుష్య నియంత్రణ మండలి, మత్స్య శాఖ, నలుగురికీ అదే గంటలో కబురు పెట్టాలి. టైము, చోటు కనిపించేలా ఫోన్‌లో ఫోటోలు తీసి ఉంచాలి.

క్రిములు నేర్చుకున్న పాఠం

అసలు ప్రమాదం చేప ముక్కలో కంటే చెరువు అడుగు మట్టిలో ఉంది. నీళ్లలో రోజూ యాంటీబయాటిక్ ఉంటే బలహీనమైన క్రిములు చస్తాయి. తట్టుకునేవి మిగులుతాయి. అవి తట్టుకునే గుణాన్ని పక్క క్రిములకు కూడా అందిస్తాయి. క్రిముల దగ్గర ప్లాస్మిడ్ అనే చిన్న జన్యు ఉంగరాలు ఉంటాయి. అవి ఒక జాతి క్రిమి నుంచి ఇంకో జాతి క్రిమికి మారగలవు. ఒకడు రాసిన నకలు చిట్టీ క్లాసంతా తిరిగినట్టు.

2011లో ఇక్కడి వాగు అడుగు మట్టిలో ఇలాంటి జన్యువులు భారీగా కనిపించాయి. 2014లో కాజీపల్లి చెరువును స్వీడన్‌లోని ఒక సరస్సుతో పోల్చారు. మందులను తట్టుకునే జన్యువులు కాజీపల్లిలో దాదాపు 7000 రెట్లు ఎక్కువ. అవి ఒక్క సిప్రోవే కావు. దాదాపు అన్ని ముఖ్యమైన యాంటీబయాటిక్ రకాలను తట్టుకునేవి అక్కడ దొరికాయి. 2016 నవంబర్‌లో జర్మనీ శాస్త్రవేత్తలు హైదరాబాద్ చుట్టూ 28 చోట్ల నీళ్లు తీసి చూసినప్పుడు కూడా మందుల అవశేషాలు, మొండి క్రిములు బయటపడ్డాయి.

ఒకప్పుడు టైఫాయిడ్ వస్తే సిప్రో ఇచ్చేవారు. ఇప్పుడు చాలా కేసుల్లో అది పని చేయక డాక్టర్లు వేరే మందులకు మారారు. దీనికి పటాన్‌చెరు ఒక్కటే కారణమని ఎవరూ చెప్పలేరు. అడ్డగోలుగా గోలీలు మింగడం, దవాఖానాల మురుగు, కోళ్ల ఫారాల్లో మందులు, అన్నీ కలిసే ఇది జరిగింది. కానీ మొండి జన్యువులు పుట్టి పెరిగే చోట్లలో మందుల మురుగు చేరే వాగు ఒకటని ఈ పరిశోధనలు చూపించాయి. 2019లో మందులకు లొంగని క్రిముల వల్ల ప్రపంచంలో దాదాపు 12.7 లక్షల మంది చనిపోయారని లాన్సెట్ పత్రిక లెక్క.

ఏం మారింది?

ఏమీ మారలేదంటే అబద్ధం. కోర్టు కేసులు, స్థానిక డాక్టర్లు, రైతులు, మత్స్యకారులు దశాబ్దాల పాటు చేసిన పోరాటం వల్ల కొన్ని పనులు జరిగాయి. పీఈటీఎల్ నీరు వాగుల్లో కలవకుండా అంబర్‌పేట మురుగు శుద్ధి కేంద్రానికి చేరేలా దాదాపు 18 కిలోమీటర్ల పైప్‌లైన్ వేశారు. చాలా పెద్ద కంపెనీలు నీరు బయటికి వదలని జీరో లిక్విడ్ డిశ్చార్జ్ పద్ధతి పెట్టుకున్నాయి. అయితే అంబర్‌పేట చేరిన నీరు నగర మురుగుతో కలిసి చివరికి మూసీకే వెళుతుంది. పాత వ్యర్థాలు చెరువుల అడుగున, నేలలో ఉండిపోయాయి. యాంటీబయాటిక్ అంకె చట్టంలో లేదు కాబట్టి దాన్ని కొలవమని అడిగే హక్కు కూడా సామాన్యుడికి గట్టిగా దొరకడం లేదు.

ఇంట్లో పాటించదగినవి

చచ్చి తేలిన చేప ఎంత చవకగా వచ్చినా తీసుకోవద్దు. తనంతట తాను చచ్చి నీళ్లపై తేలిన చేపను హనఫీ మస్లక్‌లో ఎలాగూ తినరు. సైన్సు కూడా అదే మాట వేరే కారణంతో చెబుతుంది. ఎందుకు చచ్చిందో తెలియని చేప ఒంట్లో ఏముందో తెలియదు.

పరిశ్రమల పక్క చెరువు, వాగుల చేపలకు దూరంగా ఉండడం మంచిది, ముఖ్యంగా గర్భిణులు, చిన్నపిల్లలు. చేపను బాగా ఉడికిస్తే క్రిములు చస్తాయి. కానీ సిప్రో లాంటి మందులు వేడికి అంత తొందరగా విరగవు. నీళ్లు కాచినా అంతే. రసాయన వాసన, రంగు ఉన్న బోరు నీటిని కాచి తాగితే సరిపోతుందనుకోవద్దు. పరీక్ష చేయించాలి.

దీన్ని విని చేపలు తినడమే మానేయాల్సిన పని లేదు. మంచి చెరువు చేప పిల్లలకు, పెద్దలకు మంచి ఆహారం. అమ్మే వ్యక్తిని ఏ చెరువుదని అడగడం అలవాటు చేసుకుంటే చాలు. నిజాయితీగా అమ్మేవాళ్లకు కూడా దానివల్ల మేలు.

యాంటీబయాటిక్ గోలీల పట్టీ మీద ఎర్ర గీత ఉంటుంది. ఆ గీత ఉన్న మందును డాక్టరు రాయకుండా కొనొద్దు. పక్కింటి వాళ్లకు పనిచేసిందని వేసుకోవద్దు. మామూలు జలుబుకు, ఫ్లూకి అవి పని చేయవు. డాక్టరు చెప్పినన్ని రోజులు వాడాలి. మిగిలినవి డ్రైనేజీలో, టాయిలెట్‌లో పడేయొద్దు. వాగులో కలిసే మందుకు మన ఇంటి వాటా చిన్నదే, కానీ ఉంది.

హలాల్ అంటే సరిపోదు, తయ్యిబ్ కూడా కావాలని పెద్దలు చెబుతారు. అంటే అనుమతి ఉన్నది మాత్రమే కాదు, శుభ్రమైనది, మేలు చేసేది కూడా. చేప హలాల్ కావడానికి మనిషి చేయాల్సింది ఏమీ లేదు. అది తయ్యిబ్‌గా ఉండాలంటే మాత్రం నీళ్లను మనిషే కాపాడాలి. చట్టం చేపను సాక్షిగా ఎప్పుడో నిలబెట్టింది. ఆ పరీక్ష ఎన్నిసార్లు చేశారు, ఫలితం ఏమొచ్చింది, యాంటీబయాటిక్‌కు అంకె ఎప్పుడు పెడతారు? గ్రామసభలో, మున్సిపల్ వార్డులో, ఓట్లకు వచ్చే నాయకుల ముందు అడగాల్సిన ప్రశ్నలు ఇవే.